ఎకో లేని గొంతు

మా గోడకు ఆనుకొనే దివాకర్ వాళ్ల ఇల్లు. తార్నాకలో మా సందు ఎంత ఇరుకంటే, పక్కింట్లో పోపు పడితే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. రైల్వేలో ఉద్యోగం చేసినంతకాలం రైళ్ల మోత విన్నాను. రిటైరయ్యాక మధ్యాహ్నాలైనా కునుకు తీద్దామనుకుంటే దేవుడు పక్కింట్లో ఒక సంగీతకారుణ్ణి పెట్టాడు. అతని మీద నాకు చిరాకు మొదటినుంచీ ఉంది. ఇప్పుడున్నది చిరాకు కాదు, కోపం. ఆ కోపం ఉండగానే ఇది రాస్తున్నాను. చల్లారాక రాస్తే అతన్ని వెనకేసుకొస్తానేమోనని నా భయం.

దివాకర్‌కు ముప్పై దాటాయి, పెళ్లి కాలేదు. సాయంత్రాలు తార్నాకలో, విద్యానగర్‌లో పిల్లలకు గిటార్ నేర్పుతాడు. మిగిలిన పొద్దంతా లూపింగ్. ఆ మాట నాకు అతనే నేర్పాడు. మైకులో ఒక ముక్క పాడి, నేలమీదున్న డబ్బాను కాలితో తొక్కుతాడు. ఆ ముక్క అక్కడినుంచి మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది. గిటార్ చెక్క మీద దరువు కొట్టి ఇంకోసారి తొక్కుతాడు, అదీ తిరుగుతుంది. ఇలా ఒక్కడే పదిమంది అవుతాడు. ఆ డబ్బాలను పెడల్స్ అంటారు. ఒకటి గొంతును తిప్పేది, ఒకటి ఎకో వేసేది, ఇంకొకటి ఏ గొంతునైనా ఖాళీ చర్చిలోంచి వస్తున్నట్టు చేసేది. అన్నింటినీ ఒక చెక్క పలకకు బిగించి, స్కూటీ ముందు నిలబెట్టుకొని, పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో వాయించడానికి పోతుంటాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా ఆవిడ పద్మావతి అనేది. దివాకర్ కూడా నవ్వేవాడు.

మంచివాడే. ఆ మాట ఇక్కడే రాసేస్తే ఒక పని అయిపోతుంది.

అతని తల్లి లింగమ్మది జనగామ వైపు పల్లె. పెళ్లప్పుడు చర్చిలో ఆమెకు వేరే పేరు పెట్టారట, ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. భర్త ఇన్నయ్య క్యాంపస్ మెస్సులో వంటవాడు. ఒకరోజు ఛాతీలో మంట అని తనంతట తానే ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయాడు, మర్నాడు శవమై ఇంటికి వచ్చాడు. అప్పటినుంచి లింగమ్మకు ఆసుపత్రి అంటే ఒక్కటే లెక్క. నడుచుకుంటూ పోయినవాణ్ణి అది మోయించి పంపుతుంది. భర్త పోయాక ఆమె మా వీధి చివర ఆడపిల్లల హాస్టల్‌లో వంటకు కుదిరింది.

వంట కాకుండా ఆమెకు ఇంకో విద్య ఉంది. వాళ్ల ఊళ్లో ఎవరైనా పోతే రాగం తీయడానికి లింగమ్మకు కబురు వచ్చేది. చావింట్లో ఆడవాళ్లు ఏడుపునే పాటగా కడతారు, దాన్నే రాగం తీయడం అంటారు. పోయినవాళ్ల మంచితనం చెబుతారు. దాంతోపాటే, మామూలుగా నోరు విప్పి చెప్పలేనివన్నీ చెబుతారు. అత్త పెట్టిన ఆరళ్లు, మొగుడి తాగుడు, తోడబుట్టినవాడు తొక్కిపెట్టిన పొలం. రాగంలో పెట్టి చెప్పినదానికి ఎవరూ కోప్పడకూడదు, విననట్టు ఉండనూ కూడదు. దినాలు అయ్యాక పెద్దమనిషి ఎవరో ఒకరు వచ్చి, నువ్వు ఆ రోజు రాగంలో ఇట్లా అన్నావు కదమ్మా, సంగతేమిటి అని అడగాలి. వాళ్ల ఊళ్లో అది రివాజు. నోరులేని ఆడదానికి అదే పంచాయితీ అని లింగమ్మ మా ఆవిడతో అంటుండేది.

పోయినేడు వానాకాలంలో ఒక పొద్దున స్నానం చేస్తుంటే లింగమ్మ చేతికి ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. చింతగింజంత ఉంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. బతుకమ్మ పండుగ నాటికి అది రేగుపండంత అయింది. అప్పుడు భయం వేసింది. ఎవరికి చెప్పాలి? కూతుళ్లు లేరు. మా ఆవిడకు చెబితే ఆ పూటే ఆసుపత్రికి లాక్కుపోతుందని తెలుసు. ఎదిగిన కొడుకు ముందు నిలబడి రొమ్ములో గడ్డ అనే మాట పలకడానికి ఆమెకు నోరు రాలేదు. ఇవన్నీ ఆమె చెబితే చాలా తర్వాత మాకు తెలిశాయి. అప్పటికి మాత్రం ఆమె రోజూ గిన్నెలు తోముతూ, బియ్యం ఏరుతూ, ఆ గడ్డతోనే తిరుగుతోంది. ఆ ఇంట్లోంచి మాకు వినబడేది గిటార్ ఒక్కటే.

ఆ రోజుల్లోనే దివాకర్‌కు క్యాంపస్‌లో ఒక సంగీతసభలో అరగంట దొరికింది. ఫిబ్రవరిలో ఆడిటోరియంలో జరుగుతుంది, బయటి ఊళ్లనుంచి కూడా కళాకారులు వస్తారు. దానికోసం ఒక ఆదివారం నవనీత వచ్చింది. క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తూ పాటలు పాడే అమ్మాయి, దివాకర్‌తో కలిసి ఒకటి రెండు సభల్లో పాడింది. వాళ్లిద్దరూ వాకిట్లో కూర్చొని మాట్లాడుకుంటుంటే, ఎలాగూ నిద్ర పట్టదు కదా అని నేనూ కుర్చీ వేసుకున్నాను. లింగమ్మ అందరికీ చాయ్ తెచ్చింది.

"అన్నా, ఇంకా గీ డబ్బాలు మోసుకుంటనే తిరుగుతవా? అన్నీ లాప్‌టాప్ల ఉన్నయి. ఎకో అంటే ఎకో, చర్చి అంటే చర్చి," అన్నది నవనీత.

"స్టేజీ మీద అది హ్యాంగ్ అయితే ఏం చెయ్యాలె? చిడతలు పట్టుకొని భజన చెయ్యాల్నా? నా పెడల్ ఎన్నడన్న హ్యాంగ్ అయిందా?"

"మొన్న వైరు తెగి గుయ్యిమని మొత్తుకోలేదా?"

"వైరు మారిస్తే అయిపాయె. నేను తొక్కంగనే పలుకుతది. లాప్‌టాప్ అట్ల కాదు, తొక్కినంక జర ఆలోచించుకొని పలుకుతది. ఆ జరంత సేపట్ల నా తాళం పోతది."

"ఆ జరంత సేపు తగ్గించుకోవచ్చు, సెట్టింగ్ ఉంటది. నీ పెడల్‌తోని అసలు కష్టం వేరే. గొంతు ఎకోల నుంచి పోయి లూప్‌ల పడుతది. ఇగ గొంతు, ఎకో ఒక్కటైపోతయి. మల్ల విడదియ్యరాదు. లాప్‌టాప్ల గొంతు ఉత్తగ ఉంటది, ఎకో దాని మీద దుప్పటి కప్పినట్టు ఉంటది. వద్దనుకుంటే తీసేస్తవ్."

"నేనెందుకు తీస్త? నాకు ఎకోనే కావాలె."

రోలా మిక్సీయా అని అత్తాకోడళ్లు పడే గొడవకూ దీనికీ తేడా నాకేమీ కనబడలేదు. ఆ మాటే అన్నాను. నవనీత నవ్వి, అయితే రెండింట్లోనూ రుబ్బి చూద్దామన్నది. ఏ గొంతు రికార్డు చేసినా వైరును రెండు పాయలు చేసి ఒకటి పెడళ్లకు, ఒకటి లాప్‌టాప్‌కు ఇవ్వమన్నది. ఏది బాగుంటే అది సభలో పెట్టుకోవచ్చు. తన పాత లాప్‌టాప్ ఒకటి అతని దగ్గర వదిలిపెట్టి పోయింది. దివాకర్ దాన్ని బీరువా మీద పెట్టాడు. అత్తగారింటి మనిషికి చేసినంత మర్యాద చేశాడు, ముట్టుకోలేదు.

సభకు అతను వేరుగా ఏదైనా చేయాలనుకున్నాడు. అందరూ ఇంగ్లీషు పాటలు, సినిమా పాటలు తిప్పుతుంటే, తాను తల్లి రాగాన్ని తిప్పాలని అతనికి తోచింది. చిన్నప్పుడు ఊరికి పోయినప్పుడు విన్నాడు. ఆ గొంతు కింద గిటార్, పైన ఎకో ఉంటే సభ లేచి నిలబడుతుందని లెక్క వేసుకున్నాడు. తల్లిని అడిగాడు.

"ఇంట్ల పీనుగ లేంది రాగం తీస్తరా? బతికున్నోళ్ల మీద రాగం తీస్తే తగులుతది," అన్నది లింగమ్మ.

"ఎవరి మీద వద్దమ్మా. ఉత్త రాగమే."

"ఉత్త రాగం నోటికి రాదు బిడ్డా. ఎవరో ఒకరు ఉండాలె."

కొన్నాళ్లు అతను అడుగుతూ, ఆమె కాదంటూ గడిచింది. దసరా పోయిన తర్వాత ఒకరోజు హాస్టల్‌లో అన్నం గుండిగ దించబోతే ఆమె ఎడమ చేయి లేవలేదు. చంకలోకి పోటు పొడిచింది. పక్కనున్నామె పట్టుకొని దించింది. లింగమ్మ మధ్యాహ్నమే ఇంటికి వచ్చి, మొహం కడుక్కొని, కొడుకు గది గుమ్మంలో నిలబడింది.

"పెట్టు నీ డబ్బా," అన్నది.

దివాకర్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. మైకు పెట్టాడు, వైరు రెండు పాయలు చేశాడు, నవనీతకు మాట ఇచ్చాడు కాబట్టి లాప్‌టాప్ కూడా తెరిచాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని నేల మీద పెడళ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. లింగమ్మ చాప మీద కూర్చొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కొడుకునే చూస్తూ రాగం ఎత్తుకుంది. ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆమె తన మీదే తీసుకుంది. తన పేరే పెట్టి పిలుచుకుంది. తనకు ఏమైందో, ఎక్కడైందో, ఎన్నాళ్లనుంచి ఉన్నదో, ఎందుకు చెప్పలేకపోయిందో మొత్తం అందులో పెట్టింది.

దివాకర్ చెవిలో పడింది వేరు. ఎకో నిండుగా తిప్పి పెట్టుకున్నాడు, ఒక మాట పూర్తికాకముందే దాని మీద ఇంకో మూడు వచ్చి పడుతున్నాయి. ఏ మాటా మాటలా లేదు, అంతా ఒక అల. పైగా అతని కళ్లు తల్లి మొహం మీద లేవు, పెడల్ మీది ఎర్రదీపం మీద ఉన్నాయి. ఆమె చివరకు వచ్చి "కొడుకా... కొడుకా..." అని లాగినప్పుడు అతని ఒళ్లు ఝల్లుమంది. సరిగ్గా అక్కడ తొక్కాడు. ఆ "కొడుకా" ఒక్కటీ పెడల్‌లో చిక్కి, తిరగడం మొదలుపెట్టింది.

ఆ పూట నేను కాచిగూడలో మా చెల్లెలింట్లో ఉన్నాను. మా ఆవిడకు గోడ అవతలనుంచి ఏడుపు చివర మాత్రం వినబడింది. చేతిలో గరిటె చేతిలో ఉండగానే పరిగెత్తింది. తలుపు తోసి చూస్తే తల్లీకొడుకులు ఎదురెదురుగా కూర్చొని ఉన్నారు.

"ఎవరు లింగమ్మా? ఎవరు పోయారు?" అన్నది మా ఆవిడ.

"ఎవ్వరు పోలేదక్కా. పిలగాని ప్రోగ్రాం కోసరం," అన్నది లింగమ్మ. కళ్లు తుడుచుకుంది గానీ కొడుకు మీదనుంచి చూపు తిప్పలేదు. అతను ఏమంటాడా అని చూస్తోంది.

దివాకర్ హెడ్‌ఫోన్లు తీశాడు. "సూపర్ అమ్మా. మస్తు వచ్చింది. ఆ కొడుకా దగ్గర జర ఎక్కువ లాగుతవా, ఇంకోసారి?"

లింగమ్మ, "ఒక మనిషికి ఒక్కపారే తియ్యాలె," అని లేచి వంటింట్లోకి పోయింది. మా ఆవిడ దివాకర్ నెత్తిన గరిటెతో ఒకటి ఇచ్చి, ఇంట్లో ఇలాంటి పనులు చేయించకు అని తిట్టి వచ్చింది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్నెందుకు కొరుకుతున్నావని అడిగాడట. ఆ సామెత నేను ఎన్నోసార్లు నవ్వుతూ వాడాను. ఇప్పుడు వాడాలంటే నోరు చేదవుతుంది.

ఇక అక్కడినుంచి రోజూ సాయంత్రం మాకు "కొడుకా" మొదలైంది. పాఠాలు చెప్పి వచ్చి, దీపాలు పెట్టే వేళకు అతను పెడల్ తొక్కేవాడు. గోడ అవతల ఆ ముక్క లేచేది, వాలేది, మళ్లీ లేచేది. కింద గిటార్, పైన దరువు. దాన్ని ఎకో ముందు పెట్టాలా వెనక పెట్టాలా, చర్చి శబ్దం సగం ఉండాలా నిండుగా ఉండాలా అని మారుస్తూ పోయేవాడు. ఆ ముక్క పోకుండా ఆ పెడల్‌లో ఇంకేమీ ఎక్కించలేదు. మిగతా వాయింపు కోసం తిప్పే డబ్బా ఇంకొకటి తెచ్చుకున్నాడు. మా ఆవిడ ఆ వేళకు టీవీ గొంతు పెంచేది. చావు లేని ఇంట్లో దీపాల వేళ ఆ పిలుపేమిటి అని రోజూ సణిగేది. నాకు కూడా అదోలా ఉండేది. ఒక్కోసారి దివాకర్ చాయ్‌కి బయటకు పోయినా అది తిరుగుతూనే ఉండేది, ఆ గొంతు గల మనిషి వాకిట్లో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తుండేది.

లింగమ్మ ఒక్కసారి కూడా ఆపమనలేదు. అది మాకు వింతగా ఉండేది.

చలికాలంలో ఆమె చిక్కిపోయింది. బిందె కుడి చంకకు మారింది. అడిగితే బరువు లేపిన, నరం పట్టింది అనేది. ఒకరోజు పెట్టెలోంచి తన పెళ్లినాటి చీర తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది, నాకు రంగు సరిపడటం లేదక్కా అని. దివాకర్‌ను పొయ్యి దగ్గర నిలబెట్టి అన్నం వంచడం, పప్పు ఎనపడం నేర్పింది. అతను పెళ్లి గురించి దెప్పుతోందనుకున్నాడు. "ఇప్పుడే కాదమ్మా, సభ అయినంక చూద్దాం," అన్నాడు. లింగమ్మ సరే బిడ్డా అన్నది. క్రిస్మస్‌కు ఇన్నయ్య సమాధికి సున్నం వేయించి, పక్కన ఎంత జాగా ఉన్నదో చూసి వచ్చింది. కొడుకు వెంటే ఉన్నాడు. అమ్మకు నాన్న గుర్తొచ్చాడనుకున్నాడు.

సభ ఇంకా కొద్దిరోజులు ఉందనగా పెడల్‌లో ముక్క పోయింది. ఆ డబ్బా మీద కాలు ఆనించి ఉంచితే లోపలున్నది చెరిగిపోతుంది. వాయింపులో మునిగి, అతను కాలు తీయడం మరిచాడు. నమ్ముకున్న డబ్బా, నమ్ముకున్న కాలు, రెండూ కలిసి ముంచాయి. తల్లి దగ్గరికి పోయి మళ్లీ తీయమని బతిమాలాడు.

"పోయిందా?" అన్నది లింగమ్మ. "పోనీ బిడ్డా. ఇన్నాళ్లు ఇన్నవు కద. చాలు."

ఆమె గొంతులో అంత శాంతం ఎందుకుందో అతను ఆలోచించలేదు. బీరువా మీదున్న లాప్‌టాప్ గుర్తుకొచ్చి అటు పరిగెత్తాడు. ఆ రోజు రికార్డు చేసింది మొత్తం అందులో ఉంది. ముందుదంతా వదిలేసి, తెర మీద గీతలు పెద్దవిగా ఉన్నచోటు చూసుకొని, "కొడుకా" ముక్కను కత్తిరించుకున్నాడు. దాని మీద ఎకో, చర్చి అన్నీ కప్పాడు. విని, పెడల్ కంటే బాగుందని ఒప్పుకొని, నవనీతకు ఫోన్ చేసి నువ్వే గెలిచినవ్ అన్నాడు. పెడళ్ల పలక ఇంట్లో గోడకు ఆనించాడు.

సభ రోజు మధ్యాహ్నం ఆడిటోరియంలో సౌండ్ సరిచూసుకుంటున్నారు. కుర్చీలన్నీ ఖాళీ. సౌండ్ చూసే ఇమ్మానుయేల్ దూరంగా తన బల్ల దగ్గర కూర్చున్నాడు. దివాకర్ వేదిక మీద లాప్‌టాప్ తెరిచి "కొడుకా" పెట్టాడు. పెద్ద స్పీకర్లలోంచి ఆ పిలుపు హాలంతా నిండింది.

"అన్నా, అంతా గుప్పుమంటున్నది. ఎకో, గికో అన్నీ తీసి గొంతు ఫ్లాట్‌గ ఇయ్యి. ముక్క కాదు, మొదటిసంది పెట్టు. ఎక్కడ తగ్గుతదో, ఎక్కడ లేస్తదో చూసి లెవెల్ పెట్టుకుంట," అన్నాడు ఇమ్మానుయేల్.

సౌండ్ వాళ్లు ఎవరినైనా అలాగే అడుగుతారు. దివాకర్ చర్చి తీసేశాడు. ఎకో తీసేశాడు. మొదటికి పోయి మీట నొక్కాడు. ఖాళీ హాలులో తల్లి గొంతు, ఏ కప్పూ లేకుండా, పక్కన కూర్చొని చెబుతున్నట్టు వచ్చింది.

"ఓ లింగవ్వా... మూట గట్టుకుంటివా అవ్వా...
ఎడమ రొమ్ముల గడ్డాయెనే... గింజంతది పండంతాయెనే...
ఆడివిల్ల లేకపాయెనే... రైక ఇప్పి సూపరాకపాయెనే...
మొగడు దవకాన మెట్లెక్కె... మల్ల దిగి రాకపాయెనే...
ఎదిగినోడు కొడుకాయెనే... ఏ నోట చెప్పుదునే...
రాగంల చెప్పుతున్న ఇనుకోరా... కొడుకా... కొడుకా..."

దివాకర్ చేయి మీట మీదే ఉండిపోయింది. ఇమ్మానుయేల్ బల్ల దగ్గరనుంచి లేచాడు.

"ఎవరన్నా ఆమె? ఎప్పుడు పోయింది?" అని అడిగాడు.

దివాకర్ వేదిక దిగి, వైర్లు తట్టుకుంటూ బయటికి వచ్చి స్కూటీ తీశాడు. నవనీత వెనకనుంచి పిలుస్తున్నా ఆగలేదు. క్యాంపస్ రోడ్డు మీద చెట్ల కింద పిల్లలు నడుచుకుంటూ పోతున్నారు, అతను హారన్ కొట్టుకుంటూ వాళ్ల మధ్యలోంచి పోయాడు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని నెలలు నోటితో అనుకుంటూ వచ్చానని తర్వాత నాతో చెప్పాడు. ఇల్లు తాళం వేసి ఉంది. హాస్టల్‌కు పోయాడు.

లింగమ్మ వంటింట్లో పీట మీద కూర్చొని, కుడిచేత్తో ఉల్లిగడ్డలు కోస్తోంది. ఎడమ చేయి ఒళ్లో పెట్టుకొని ఉంది. ఆ చేయి వాచి ఉండటం అతను అప్పుడు చూశాడు. గాజులు మోచేతి దిక్కు జరగకుండా మణికట్టు దగ్గరే బిగుసుకుపోయి ఉన్నాయి.

"అమ్మా, ఎందుకు చెప్పలే?" అన్నాడు.

లింగమ్మ తలెత్తింది. అతను దేని గురించి అడుగుతున్నాడో అర్థం కావడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె మొహం చూడలేకపోయానన్నాడు దివాకర్.

"చెప్పిన గద బిడ్డా. నీ ముంగట కూసొనే చెప్పిన."

"నాకు మాటలు ఇనబడలేదమ్మా. ఎకోల ఇనబడలేదు."

"అవ్వో," అన్నది లింగమ్మ. కత్తిపీట పక్కకు జరిపింది. "రోజు దీపాలేళ పెట్టుకొని ఇంటుంటివి గద. మొగపిలగాడు, నోరిడిసి ఏడ్వరాక గట్ల పెట్టుకొని ఏడుస్తున్నడనుకున్న. అందుకే ఆపమని అనలే."

మర్నాడు పొద్దున దివాకర్, మా ఆవిడ, నేను కలిసి ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాము. మెట్ల దగ్గర ఆమె ఆగి, వెనక్కి ఒకసారి చూసి, చెప్పులు సరిచేసుకొని ఎక్కింది. మా ఆవిడ ఆమె నడుము చుట్టూ చేయి వేసి పట్టుకుంది. లోపల చాలాసేపు పరీక్షలు చేశారు. తర్వాత డాక్టరు దివాకర్‌ను, నన్ను గదిలోకి పిలిచాడు. గడ్డ చంకలోకి పాకిందని, ఊపిరితిత్తుల ఫోటోలో కూడా మచ్చలు ఉన్నాయని, ఇంకా పరీక్షలు చేశాకగానీ ఏదీ చెప్పలేనని అన్నాడు. వయసులో చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు. దసరా నాటికి తెచ్చి ఉంటే దారి వేరుగా ఉండేదన్నాడు. ఆ మాటకు నేను గోడవైపు తిరిగాను. అప్పటికి నా మనసులో దివాకర్‌ను చెంపలు వాయించాలన్నంత కోపం ఉంది, అతను పక్కనే తలొంచుకొని నిలబడి ఉన్నాడు.

"ఈ వయసు ఆడవాళ్లు దాచిపెడుతుంటారు, మీ తప్పు కాదులెండి," అన్నాడు డాక్టరు అతని మొహం చూసి. "మీకు ఎప్పుడు తెలిసింది? నిన్నేనా?"

"లేదు సార్," అన్నాడు దివాకర్. "అక్టోబర్లనే చెప్పింది. నేను ఇన్న. రోజు ఇన్న."